రాజముద్రయు విద్వాంసుని కలమును

ప్రభుత్వపు కాగితములను సాహిత్యముగ నెంచి విమర్శించుట కొందఱు చదువరులకు వింతగా దోపవచ్చును. ఉత్తరువులు, నియామకపత్రములు, పన్నుల తాకీదులు, రాయబార లేఖలు - వీనిలో రసమేమి యుండును, చిరకాలము నిలువదగిన దేమి యుండునని వారడుగవచ్చును. అట్టివారు కాసియోడోరసు లేఖాసంపుటము నొక్కసారి తెఱచి చూడవలెనని మా మనవి. పదునైదువందల యేండ్ల క్రిందట పడమటి రోమను రాజ్యము అస్తమించిన పిదప, ఆ సంధ్యను కొలువుకూటమున గూర్చుండి చూచిన యొక గొప్ప కుటుంబపు టుద్యోగి వ్రాతలివి. లాటిను భాషలో నీ గ్రంథమునకు 'వేరియే' యని పేరు. 'వివిధములు' అని దాని యర్థము. ఇందు పండ్రెండు భాగములును, 468 లేఖలును గలవు. ఇటలీని పాలించిన గాతు రాజుల పేరను, తుదకు తన సొంత యధికారపు పేరను, 507 మొదలు 537 ప్రాంతము వఱకు ఆతడు వ్రాసినవానినుండి యేర్చి కూర్చిన సంపుటమిది. 1886లో తామస్ హాడ్జికిను దీనిని ఇంగ్లీషున సంగ్రహించెను. 1894లో జర్మను పండితుడు మామ్సెను మూలమును పరిష్కరించి ప్రకటించెను. సమగ్రమైన ఇంగ్లీషు అనువాదము 2019 వఱకు వెలువడలేదు.

ఈ గ్రంథమును చదువుచుండగా మా మనస్సును విడువక వెంబడించిన ప్రశ్న యొక్కటి కలదు. చదువుకొన్నవాడు అధికారమునకు తన కలము నప్పగించినపుడు, ఆ కలమునుండి వెలువడు మంచిమాటకు పుణ్యమెవరిది, చెప్పక విడిచిన మాటకు పాపమెవరిది? ఈ ప్రశ్న రోమనుల కాలముతో తీఱిపోయినది కాదు. కాని దానిని రోమనుల నడుమనే నిలిపి విచారించుట మంచిది. పరుల కథలో మనము పక్షపాతము లేక తీర్పు చెప్పగలము.

ముందుగా ఆ కాలపు రోమను కులీనులకును ఉద్యోగములకును గల సంబంధమును తెలిసికొనవలెను. అయిదవ శతాబ్దపు చరిత్రకారుడు ఒలింపియొడోరసు వ్రాసినదానినిబట్టి, రోము నగరమందలి పెద్ద గృహములకు సాలుకు 4,000 పౌనుల బంగారము రాబడి యుండెను; ధాన్యము, ద్రాక్షారసము మొదలైన వాని విలువ దీనికి వేఱుగ జేరును. రెండవ తరగతి గృహములకు 1,000 మొదలు 1,500 పౌనుల వఱకు వచ్చుచుండెను. మధ్యతరగతి ధనికుడని పేరుగొన్న సిమ్మాకసు అను వక్త, తన కుమారుడు ప్రీటరు పదవి నందినపుడు వేడుకలకే 2,000 పౌనుల బంగారమును వ్యయము చేసెనట! ఇంత సంపద గలవారికి ఉద్యోగమేల? జీతమునకై కాదని స్పష్టము. సెనేటు సభ్యులకు మూడు శ్రేణుల బిరుదములుండెను. పుట్టుకవలన కడపటి శ్రేణి లభించును. మొదటి శ్రేణి లభింపవలెనన్న చక్రవర్తి చేతినుండి పెద్ద పదవియైనను, దానికి సాటియైన గౌరవపత్రమైనను రావలెను. తాతల పేరెంత గొప్పదైనను, ఏలికవారి ముద్ర పడిననే గాని దానికి చెల్లుబడి లేకపోయెను.

మఱియొక కారణమును అమ్మియానసు మార్సెల్లీనసు అను చరిత్రకారుడు సూటిగ జెప్పినాడు. 371లో కాన్సలైన పెట్రోనియసు ప్రోబసు అను కులీనుడు పదవి లేనపుడు ఒడ్డునబడిన చేపవలె నల్లాడుచుండెడివాడట. అతని బంధువులును ఆశ్రితులును చిక్కుకొన్న వ్యాజ్యములు లెక్కకు మిక్కిలి గనుక, వారిని గాపాడుటకై యతడు పదవులను పట్టుకొని వ్రేలాడవలసి వచ్చినదట. ఇందు గొప్ప సత్యము గలదు. పన్ను వసూలు చేయు యధికారి కంటె పెద్దవాడైననే గాని పన్నునుండి తప్పించుకొన వలనుపడదు. న్యాయాధిపతి తనవాడైననే గాని పొరుగువాని పొలము నాక్రమించుటకు వీలుండదు. ఆస్తి పదవిని గొనును. పదవి యాస్తిని గాచును. కంచెయే చేను మేయు నీ పద్ధతిలో భారమంతయు పడినది సేద్యగాని పైననే. పాఱిపోయిన కౌలుదారుని పట్టి మరల వాని భూమికే చేర్పవలెననియు, పాఱిపోవుటకు యోచించువానిని సంకెలల నుంచవచ్చుననియు కాన్స్టంటైను చక్రవర్తి 332లోనే శాసనము చేసియుండెను. మేము విమర్శించుచున్న లేఖల వెనుక నిట్టి ప్రపంచముండెనని చదువరులు మఱువరాదు.

476లో ఒడోవాకరు అను సేనాని రోములు అగస్టులసు అను బాలచక్రవర్తిని పదవినుండి తొలగించెను. దానితో పడమట చక్రవర్తులు పోయిరి. కాని కులీనులు పోలేదు. సెనేటు కూడుచునే యుండెను, కాన్సలులు నియమింపబడుచునే యుండిరి, పన్నులు చెల్లుచునే యుండెను. 489లో తూర్పు చక్రవర్తి జెనో యనుమతితో థియోడెరికు అను గాతు రాజు ఇటలీపై దండెత్తి వచ్చెను. 493లో ఒడోవాకరును విందునకు బిలిచి తన చేతులతోనే చంపెను. అటుపిమ్మట ముప్పదిమూడేండ్లు రవెన్నా నగరమునుండి పాలించెను. కత్తి గాతులకు, కలము రోమనులకు అని యాతని యేర్పాటు. కొత్త రాజులకు కలము పట్టువారు కావలసియుండిరి. పాత కులీనులకు ముద్ర వేయువారు కావలసియుండిరి. ఒకరి యక్కఱ యొకరికి తీఱెను.

కాసియోడోరసు వంశమీ యేర్పాటునకు చక్కని యుదాహరణము. దక్షిణ ఇటలీలోని స్క్విలాచె వీరి స్వస్థలము. తాత మూడవ వాలెంటీనియను చక్రవర్తి కొలువులోనుండి హూణరాజైన అట్టిలా యొద్దకు రాయబారమేగెను. తండ్రి ఒడోవాకరు నొద్ద ఖజానా యధికారి. ఒడోవాకరును చంపిన థియోడెరికు నొద్ద అంతకంటె పెద్ద యధికారి. మన యాతడు 485 ప్రాంతమున జన్మించి, 507లో క్వెస్టరు, అనగా రాజు మాటలను లేఖలుగ మలచువాడయ్యెను. 514లో కాన్సలు; 523లో కొలువు కార్యాలయములకు పెత్తనదారు; 533లో ఇటలీ దేశపు పాలనమును పన్నులును న్యాయమును జూచు ప్రిటోరియను ప్రిఫెక్టు. థియోడెరికు, ఆతని మనుమడు అథలారికు, అథలారికు తల్లి అమలసుంత, ఆమెను చంపించిన థియోడహాదు, థియోడహాదును చంపించిన విటిగిసు - వీరందఱి కాలమునను కలమొక్కటే. ఏ యెండ కా గొడుగు అను సామెత యీతనికి చెల్లునా చెల్లదా యనుట తుదకు తేల్చుకొందము. ముందు గ్రంథగుణములను జెప్పుట న్యాయము.

ఈ లేఖలలో తీసివేయరాని మంచి కొంత కలదు. వెసూవియసు పర్వతము బూడిద గ్రక్కి నేపిల్సు, నోలా ప్రాంతముల పొలములను చెఱుపగా, అక్కడికి నమ్మకస్థుని బంపి నష్టము నంచనా కట్టి, నష్టమునకు తగినంత పన్ను తగ్గింపుమని రాజాజ్ఞ వ్రాసెను. జెనోవాలోని యూదులు తమ ప్రార్థనామందిరపు కప్పును బాగుచేసికొన ననుమతి వేడినప్పుడు వ్రాసిన జాబు చాల ప్రసిద్ధమైనది. విశ్వాసమును ఆజ్ఞచే పుట్టింప జాలమనియు, ఇష్టము లేనివానిని నమ్మించుట యెవరితరమును గాదనియు అందలి భావము. ఇది మతసహనమును గూర్చిన గొప్పమాటయని యందఱు నుదాహరింతురు. కాని లేఖ మొత్తమును జదువువారికి, మందిరమును పెద్దది చేయగూడదనియు అలంకారములు చేర్పగూడదనియు కట్టడి కనబడును. ఆ యూదులు కోరునది తప్పుత్రోవ యను నిందయు కనబడును. పొగడువారు సగమే చదివిరని మేము చెప్పక తప్పదు. అయినను ఆ సగమైనను ఆ కాలమున నొక రాజముద్రతో వెలువడుట సామాన్యము కాదు.

ఉపాధ్యాయుల జీతములను గూర్చి అథలారికు పేర సెనేటునకు వ్రాసిన జాబు మఱియొకటి. వినోదములు చూపువారికి ధనమిచ్చుచు, సభ్యతకును వాక్కునకును మూలమైన విద్య నేర్పువారి జీతము కోయుట సిగ్గుమాలిన పనియని యందు వాదింపబడినది. వ్యాకరణమును అనాగరిక రాజు లెఱుగరనియు, న్యాయముగ పాలించు ప్రభువులకడనే యది నిలుచుననియు ఆతడనుట చదివినపుడు, గాతు రాజు నోట నీ మాట పలికించిన చాతుర్యమునకు నవ్వు పుట్టును. అయినను ఉపాధ్యాయుల జీతము వారికే చేరవలెనన్న పట్టుదల నిజమైనదే.

లోకపరిశీలనమునందును ఈతడు దిట్ట. అద్రియాతిక సముద్రపు బురదదిబ్బలమీద నీటిపక్షులవలె గూళ్లు గట్టుకొని, ఉప్పు పండించి, చేపలు తిని, ధనికుడు పేద యను భేదము లేక జీవించువారిని వర్ణించిన లేఖ కలదు. తరువాత వెనిస్ నగరము వెలసిన ప్రాంతమును గూర్చిన తొలి వర్ణనలలో నిది యొకటి. సూర్యుడు వెలుగుదప్పి నీలివన్నె దాల్చెననియు, నడిమధ్యాహ్నమున నీడలు పడలేదనియు, చలికాలము విడువలేదనియు తన ప్రతినిధికి వ్రాసిన లేఖను పూర్వులు కొందఱు అలంకారపుటతిశయోక్తి యనుకొనిరి. ప్రొకోపియసు అను గ్రీకు చరిత్రకారుడును ఆ కాలమున సూర్యుడు కాంతిహీనుడయ్యెనని వ్రాసినాడు. ధ్రువప్రాంతపు మంచుపొరలలోను వృక్షముల వలయములలోను దొరకిన సాక్ష్యములను బట్టి, 536 ప్రాంతమున ఉత్తరార్ధగోళమున గొప్ప యగ్నిపర్వతము ప్రేలి ధూళితెర యాకాశమును గప్పెనని నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కాసియోడోరసు ఆ జాబున భయపడి కూర్చుండలేదు. నిరుటి పంటలోని నిలువధాన్యము దీసి ప్రజల నాదుకొమ్మని యాజ్ఞాపించెను. ఇట్టి చోటుల నీతడు మంచి యధికారి యని మేము సంతోషముతో నొప్పుకొనుచున్నాము.

ఇక దోషములు. మొదటిది శైలీదోషము. చిన్నపనికి పెద్దమాట యీతని వ్యసనము. ధాన్యపుటోడలు ఆలస్యమయ్యెనని వ్రాయవలసినచోట మత్స్యశాస్త్రమంతయు చెప్పును. ఒక్కొకప్పుడీ విషయాంతరములు మనోహరములు. తఱచుగ నివి జిజ్ఞాసువుల సహనమును పరీక్షించునవి. ఆజ్ఞను చేరుసరికి చదువరి యలసిపోవును. పల్లెటూరి యధికారి యెంత యలసియుండునో!

రెండవది యింతకంటె లోతైనది. ఆఱు, ఏడు భాగములు పూర్తిగ నియామకపత్రముల నమూనాలు. కాన్సలునకొకటి, ప్రిఫెక్టునకొకటి, నగరాధికారికొకటి; పేరును సాలును విడిచి తక్కిన పొగడ్తలన్నియు ముందే సిద్ధము. తరువాతి యుద్యోగులకు తొందరలో శ్రమ లేకుండ నుండుటకై వీనిని కూర్చితినని పీఠికలో నాతడే చెప్పుకొన్నాడు. ఇందు నిజాయితీ యున్నది, విషాదమును ఉన్నది. నీతి, న్యాయము, కులీనత, నిష్కాపట్యము అను మాటలు ఎవరికైన దొడుగవచ్చు నంగరకాలైన పిదప వాని విలువయేమి? సద్గుణములు నమూనాకాగితములపై నచ్చుగుద్దబడిన నాడు, సద్గుణవంతునకును లేనివానికిని పత్రములో భేదముండదు. ఈ వంచన కాసియోడోరసు తనయందును తనవారియందును జూపినాడు. తన తండ్రికి ఉన్నతగౌరవ మిచ్చుచు రాజు వ్రాసిన జాబును వ్రాసినవాడు కొడుకే. అందు తాత రాయబారమును, వంశపు గుఱ్ఱముల మందలను గూడ కీర్తించినాడు. తన్ను ప్రిఫెక్టుగ నియమించుచు అథలారికు పేర సెనేటునకు వెడలిన జాబులో, గాతుల చరిత్రను వ్రాసిన మహావిద్వాంసుడని పొగడబడినవాడును తానే. ఆ పొగడ్తను చిత్తుగ వ్రాసిన చేయి యెవరిదో మేము ప్రత్యేకముగ జెప్పనక్కఱలేదు.

ఈ రెండును క్షమింపదగిన దోషములు. మూడవది క్షమింపదగినదో కాదో చదువరులే చెప్పవలెను. ఏలయన నది వ్రాసిన దోషము కాదు, వ్రాయని దోషము.

ఈ సంపుటపు మొదటి భాగములలో బోయీథియసు అను పండితునికి రాజు పేర వ్రాసిన లేఖలు మూడు కలవు. బర్గండీ రాజునకు బంపుటకు నీడగడియారమును నీటిగడియారమును చేయింపుమని యొకటి. ఫ్రాంకుల రాజునకు బంపుటకు వీణెవాయించువాని నేర్పఱుపుమని యొకటి. రాజభటుల జీతపు నాణెములలో జరిగిన మోసమును గణితజ్ఞానముచే దేల్చుమని యొకటి. గ్రీకుల విద్యనంతయు లాటినువారి సొత్తు చేసినవాడని యాతనిని ఆకాశమునకెత్తినాడు. బోయీథియసు సామాన్యుడు కాడు. పైన జెప్పిన వక్త సిమ్మాకసు వంశమందలి మఱియొక సిమ్మాకసు ఇంట పెరిగి, ఆతని కూతురు రస్టిసియానాను పెండ్లాడెను. 510లో కాన్సలయ్యెను, 522లో ఆతని కుమారులిద్దఱు నొక్కమాఱే కాన్సలులైరి. పిమ్మట కొలువు కార్యాలయముల పెత్తనము వహించెను. అంతలో అల్బీనసు అను కులీనుడు తూర్పు చక్రవర్తితో రహస్యముగ నుత్తరప్రత్యుత్తరములు జరిపెనని సిప్రియాను అను కొలువుటధికారి నేరము మోపెను. అల్బీనసు నిరపరాధియని రాజసమక్షమున బోయీథియసు వాదించెను. నేరము వాదించినవాని మెడకే చుట్టుకొనెను. సరియైన విచారణ లేకుండ చెఱలోనుంచి, 524 ప్రాంతమున నాతనిని చంపిరి. కొంతకాలమునకు మామ సిమ్మాకసును గూడ చంపిరి.

బోయీథియసు పడిపోయిన పీఠముమీద 523లో గూర్చున్నవాడు కాసియోడోరసు. ఇన్నివందల లేఖలలో బోయీథియసు పతనమును గూర్చి యొక్క పలుకు లేదు. నేరమోపిన సిప్రియానును ఖజానా యధికారిగ నియమించుచు వ్రాసిన జాబు లున్నవి. గుఱ్ఱముమీద షికారు పోవు రాజు ప్రక్కన స్వారిచేయుచు వ్యాజ్యములను విన్నవించు నాతని నేర్పును, భాషాజ్ఞానమును మెచ్చుకొన్న మాటలున్నవి. సిప్రియాను సోదరుడు ఒపిలియో, నేరస్థాపకులలో నొకడని బోయీథియసే వ్రాసినవాడు. వానికిని 527 ప్రాంతమున నట్టి పదవియే, అట్టి పొగడ్తయే. నీడగడియారమును గూర్చి పుటలకొలది వ్రాసిన కలము, ఆ గడియారము చేయించినవాని చావునకు నొక వాక్యము నియ్యలేకపోయెను. ముసలితనమున విద్యార్థులకై వ్రాసిన గ్రంథమున బోయీథియసు గణితమును తర్కమును చదువుమని గౌరవముతో చెప్పినాడు. పండితుని దలంచినాడు, హతుని దలంపలేదు.

కాసియోడోరసు పక్షమున జెప్పదగినది కలదు. మూడు వాదములు మాకు దోచుచున్నవి. మొదటిది: నోరు విప్పినయెడల నాతనికిని అదేగతి పట్టును, చచ్చిన బోయీథియసునకు లాభము లేదు, బ్రతికిన ప్రజలకు నష్టము. కఱవునాడు ధాన్యమియ్యుమని వ్రాయు చేయి యుండవలెను గదా. రెండవది: రాజు పేర వ్రాయు జాబులలో రాజదోషమును వ్రాయుట యెట్లు? మూడవది నేటి పండితులు తెచ్చిన వాదము. ఈ సంపుటము జస్టీనియను చక్రవర్తి సేనలు ఇటలీని గెలుచుచుండిన కాలమున, గాతులను సేవించిన రోమను ఉద్యోగులు దుష్టులు కారనియు, కొత్త ప్రభువులకును పనికివత్తురనియు నిరూపించుటకై కూర్పబడినదని వారి యూహ. 2013లో షేను బ్యోర్న్‌లీ అను చరిత్రకారుడు ఇంకను ముందునకు బోయి, కాన్స్టాంటినోపిలున నున్నపుడే కాసియోడోరసు దీనిని తీర్చిదిద్దెననియు, బోయీథియసు చావు తెచ్చిన యపకీర్తికి నిది సమాధానమనియు వాదించెను. ఈ చివరి వాదమును పండితులందఱు నంగీకరింపలేదు.

మొదటి వాదమును మేము చిన్నచూపు చూడము. సంసారులైన మన చదువరులలో, కొలువులో తప్పు జరుగుచుండగా పెదవి గొఱుకుకొని యింటికి వచ్చినవా రెందఱో యుందురు. వారందఱిని పిఱికివారనుట మా యుద్దేశము కాదు. కాని మౌనము వేఱు, శత్రువునకు ప్రశస్తి వ్రాయుట వేఱు. రెండవ వాదమునకు బదులు గ్రంథమే చెప్పుచున్నది: ఇవి రాజు దాచిన కాగితములు కావు, ఆతడే యేర్చి కూర్చి లోకమున విడిచినవి. ఏది యుంచవలెనో యేది తీయవలెనో యాతని చేతిలో నుండెను. సిప్రియాను పొగడ్త నుంచుట యాతని యిష్టము. బ్యోర్న్‌లీ వాదమే నిజమైనచో, బోయీథియసును పొగడిన జాబులను మొదట నుంచి, హంతకపక్షమును పొగడిన జాబులను పిదప నుంచి, చదువువాడే పోల్చుకొనునని విడిచెననుకొనవలెను. అది ధైర్యమో, రెండుపడవలపై కాళ్లో చెప్పుట కష్టము.

బోయీథియసు చెఱలో వ్రాసిన 'తత్త్వసాంత్వనము'ను దీని ప్రక్క నుంచి చదువుట యుచితము. గద్యపద్యములు కలిసిన యా యయిదు భాగముల గ్రంథమున, తత్త్వవిద్య స్త్రీరూపమున వచ్చి దుఃఖితుని నోదార్చును. కఱవుకాలమున బలవంతపు ధాన్యక్రయమునుండి కంపేనియా ప్రజలను గాపాడితిననియు, పేదల సొత్తునకాశపడిన గాతు ప్రభువుల నడ్డగించితిననియు బోయీథియసు మొఱవెట్టుకొన్నాడు. ఆతడు పరిశుద్ధుడని పూజించుటయు తగదు. ఆ పీఠము నాతడును గోరియే యెక్కెను. కొడుకుల కాన్సలు పదవులను చెఱలోగూడ గర్వముతో దలంచెను. నేరమోపినవారి నీచత్వమును అప్పులను ఎత్తిపొడుచుటలో కులీనుని యహంకారము కనబడును. సేద్యగాడు ఆతని గ్రంథమునను నోరు విప్పడు. అయినను ఒక భేదము గలదు. బోయీథియసు కలమునకు చెఱలోనే స్వాతంత్ర్యము వచ్చినది. కాసియోడోరసు కలము సభామధ్యమున చెఱలోనుండెను.

అమలసుంత కథ దీనిని మఱింత స్పష్టము చేయును. థియోడెరికు కూతురైన యీమె 526 మొదలు కుమారుని పేర రాజ్యము నడపెను. గ్రీకు, లాటిను, గాతు భాషల మూటియందును ప్రవీణ. కొడుకునకు రోమనుల విద్య చెప్పింపబూనగా, చదువు వీరత్వమును చెఱచునని గాతు ప్రభువులు బాలుని ఆమె చేతినుండి లాగుకొనిరని ప్రొకోపియసు వ్రాసెను. స్త్రీ పాలింపజాలదను కాలమున కాసియోడోరసు సెనేటున కామెను గొప్పగ ప్రశంసించి వ్రాసెను. అది యీ సంపుటమునకే యలంకారము. 534లో కొడుకు చనిపోగా, పినతల్లికొడుకు కాని, మేనత్త కుమారుడైన థియోడహాదును ఆమె సహపాలకునిగ జేసికొనెను. ఆతడు 535లో బొల్సేనా సరస్సు నందలి దీవిలో నామెను బంధించెను. అక్కడ నామె హత్య జరిగెను. థియోడహాదు పేర కాసియోడోరసు వ్రాసిన లేఖలలో నా హత్యను గూర్చి సూటిగ నొక మాటయు లేదు. థియోడహాదు హతుడై విటిగిసు రాజైన పిదప, జస్టీనియను దయను గోరి వ్రాసిన జాబులో మాత్రము ఆమె పేరు పూజ్యముగ మరల గనబడును. బ్రతికినపుడు పొగడ్త, చంపబడినపుడు మౌనము, చావు రాజకార్యమునకు పనికివచ్చినపుడు స్మరణ! ఈ మూటికిని సిరా యొక్కటే.

మౌనము గాపాడినదేమి? 535లో జస్టీనియను సేనలు దిగెను. ఇటలీలో దాదాపు ఇరువదియేండ్లు యుద్ధము సాగెను. 546లో గాతు రాజు టోటిలా రోమును పట్టుకొన్నపుడు, బోయీథియసు భార్య రస్టిసియానాయు ఇతర కులీనులును బానిసల గుడ్డలు గట్టుకొని యింటింటికి దిరిగి ఱొట్టె నడుగుకొనిరని ప్రొకోపియసు వ్రాసెను. ఆమె తన ధనమును ఆకలిగొన్నవారికి బెట్టిన యిల్లాలు. థియోడెరికు విగ్రహములను పడగొట్టించెనని గాతులామెను చంపబోగా, టోటిలా యడ్డుపడి రక్షించెను. 552లో ఓడిపోవుచు గాతులు చిక్కిన సెనేటరులను చంపిరి. జామీనుగ బట్టిన మున్నూఱుగురు రోమను బాలురను రాజు టెయియా చంపించెను. పేరు గొప్ప యూరు దిబ్బయను రీతి కొంతకాలము నిలిచిన సెనేటు ఏడవ శతాబ్దమున మాసిపోయెను. దాని సభామందిరమును పోపు హొనోరియసు కాలమున క్రైస్తవదేవాలయముగ మార్చిరి. ఎవరి నిలుకడకై యన్ని ప్రశస్తులు వ్రాయబడెనో వారెవరును నిలువలేదు.

కాసియోడోరసు నిలిచెను. కొలువు పోయిన పిదప కొంతకాలము కాన్స్టాంటినోపిలున నుండి, స్వస్థలమునకు మరలి, వివారియము అను మఠమును స్థాపించి, గ్రంథములు సేకరించి, సన్యాసులచే ప్రతులు వ్రాయించెను. లేఖకులు తప్పులు చేయుచున్నారని, తొంబదిమూడవ యేట అక్షరదోషములను గూర్చి యొక పుస్తకము వ్రాసెను. రాజుల తప్పులను దిద్దలేని చేయి తుదకు ప్రతుల తప్పులను దిద్దినది. ఇది పరిహాసమున జెప్పుమాట కాదు. ఆ ముసలివాని శ్రమను మేము గౌరవించుచున్నాము. ముప్పదియేండ్ల రాజసేవ కంటె నీ మఠజీవనమే విద్యకు మేలుచేసినదని మా నమ్మకము.

కావున ఏ యెండ కా గొడుగు అను సామెత యీతనికి చెల్లునా? సగము చెల్లును. ఎండలో గొడుగు పట్టినపుడు దాని నీడలో బీదలు కొందఱు నిలిచినమాట నిజము; పన్ను తగ్గినవాడు, ధాన్యము దొరకినవాడు, జీతమందిన యుపాధ్యాయుడు అట్టివారు. గొడుగు పట్టినది మాత్రము వారికై కాదు. చదువరులు ఈ గ్రంథమును తప్పక చదువవలెను. కాని రెండుమాఱులు చదువవలెను. మొదటిమాఱు వ్రాసినదానికై, రెండవమాఱు వ్రాయనిదానికై. మన బిడ్డలకు చక్కగ వ్రాయుట నేర్పుచున్నాము; సంతోషమే. ఎవరి పేర వ్రాసినను, ఏది వ్రాయనని చెప్పవలెనో దానినిగూడ ఇంటియొద్దనే నేర్పవలెను. అది నమూనాకాగితములలో దొరకదు.